మట్టి లేని సేద్యము – నత్రజని పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరుపబడిన ప్రసంగపాఠము)



2025వ సంవత్సరపు వానాకాలమున తెలంగాణ జిల్లాలలో యూరియా సంచి కొరకు రైతులు సహకార సంఘముల ముంగిట తెల్లవారకమునుపే వరుసలు కట్టిరి. కొన్నిచోట్ల మనుష్యులకు బదులుగ వారి చెప్పులే వరుసలో నిలిచినవి. 45 కిలోల ఆ సంచిలో రైతు కొనునది తెల్లని గుళికలను కాదు, నత్రజనిని. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని యుండును గనుక సంచిలో నుండునది 20 కిలోల 700 గ్రాములు. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే యైనను దానిని పైరు నేరుగ గ్రహింపజాలదు. నడి సముద్రములో నావికునకు దాహమైనట్లు, నత్రజని నడుమనే నిలిచి మొక్క నత్రజనికై అలమటించును.

ఈ నత్రజని కథలో హైదరాబాదు నగరములోని పంజగుట్టకు ఒక చోటు గలదు. కె.వి.కె. రాజుగారు స్థాపించిన నాగార్జున సంస్థలలో ఎరువుల సంస్థ కాకినాడయందు సహజవాయువు మూలముగ యూరియా చేయు కర్మాగారమును నెలకొల్పెను. అందు మొదటి విభాగము 1992లోను, రెండవది 1998లోను ఉత్పత్తి ప్రారంభించినవి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము పంజగుట్టలో నాగార్జున హిల్స్ అను చోట వెలసినది. కాకినాడ సముద్రతీరమున తయారైన సంచుల లెక్కలు పంజగుట్ట గుట్టమీద వ్రాయబడెనన్నమాట. ఆ గుట్ట ప్రక్కనే అమీరుపేట. 2017లో మెట్రో రైలు వచ్చినప్పటినుండి ఆ పేట మరింత క్రిక్కిరిసినది. మైత్రీవనము చుట్టును కంప్యూటరు విద్య నేర్పు శాలలు, వీధికొక వసతిగృహము, ప్రతి మేడపైనను నల్లని నీటితొట్లు. అక్కడ చారెడు మట్టి దొరకుట కష్టము. దొరకినను మేడపైకి బండ్లకొలది మోయించినచో కప్పు భరింపగలదా యని ఇంటివారికి భయము. ఇట్టి మేడలపై ఆకుకూరలను మట్టి లేకుండ నీటిలోనే పెంచు పద్ధతి ఈ కొలది సంవత్సరములుగ నగరమందు వ్యాపించుచున్నది. దానినే హైడ్రోపోనిక్స్ అందురు.

పంజగుట్టలో లెక్క వ్రాయబడిన ఆ యూరియా, ప్రక్క పేటలోని మేడపై నీటితొట్టిలో వేసినచో పనికిరాదు. అది ఎందులకు పనికిరాదో గ్రహించినవానికి మట్టి లేని సేద్యములో సగము బోధపడినట్లే. తన పొలమును గూర్చియు కొంత బోధపడును.

మట్టి లేని సేద్యము నిన్న మొన్నటిది కాదు. 1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, నోప్ అను శాస్త్రజ్ఞులు లవణములు కరగించిన నీటిలో మొక్కలను పెంచి, మొక్కకు వలసినది మన్ను కాదనియు, మంటిలోని లవణములే యనియు నిరూపించిరి. 1937లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరిక్ అను ఆచార్యుడు ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అను పేరును ప్రచారములోనికి తెచ్చెను. ఆయన నీటిలో పెంచిన టమాటా తీగెలను నిచ్చెన వేసికొని కోయుచున్న ఛాయాచిత్రములు పత్రికలలో వెలువడగా, ఇక భూమితో పనిలేదని జనులు ఆశపడిరి. ఆ విశ్వవిద్యాలయమునకే చెందిన హోగ్లండ్, ఆర్నన్ అను వారు ఆ మాటను పరీక్షింప బూనిరి. 1938లో వారు ప్రకటించిన చిన్న పుస్తకములో తేల్చినది యిది: సారవంతమైన నేలను మించి నీటితొట్టి పండింపదు, సమానముగ పండించును. నేడు హైడ్రోపోనిక్ పరికరములమ్ము వర్తకులు హోగ్లండ్ పేరు చెప్పుకొందురు గాని ఆయన చెప్పిన ఈ మాటను మాత్రము చెప్పరు. మన దేశమున 1946 ప్రాంతమున బెంగాలులో షోల్టో డగ్లస్ అను ఆంగ్లేయుడు కంకర, ఇసుకలతో చవుకగ ఈ సేద్యము చేయు రీతిని రూపొందించెను.

ఇక అసలు విషయము. పొలములో యూరియా చల్లిన రైతు, పని ముగిసినదని గట్టుమీద కూర్చుండును. నేలకు మాత్రము అప్పుడే పని మొదలగును. మంటిలోని సూక్ష్మజీవులనుండి వెలువడు యూరియేజ్ అను పదార్థము కొలది దినములలో యూరియాను విరిచి అమ్మోనియాగ మార్చును. పిదప ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, ఇంకొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. ఈ రెండు జాతుల పనిని 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. మెట్టపైరులు ముఖ్యముగ గ్రహించునది ఈ నైట్రేటునే. ఈ మార్పు జరుగునంతవరకు అధికమైన అమ్మోనియా వేరునకు తగులకుండ మంటిలోని బంకరేణువులు దానిని పట్టి యుంచును. వండువారును, వడ్డించువారును, విషమును పట్టి యుంచువారును మంటిలోనే యున్నారు. వారికి కూలి ఇచ్చినవారు లేరు గనుక వారి పనిని ఎవ్వరును లెక్కింపలేదు.

మేడమీది తొట్టిలో ఈ పనివారు లేరు. ఊరినుండి వచ్చి అమీరుపేటలో స్థిరపడిన ఒక గృహస్థుని ఊహింపుడు. గొట్టములలో పాలకూర నాటినాడు. ఆకు కొంచెము పసుపు తిరిగినది. ఊరిలో తండ్రి చేసినదే అతడును చేయును: గుప్పెడు యూరియా తెచ్చి తొట్టిలో కలుపును. నీటిలోని లవణములను కొలుచు మీటరును ముంచి చూచును. ముల్లు కదలదు. యూరియా నీటిలో కరగినను విద్యుత్తును ప్రసరింపజేయదు. ఆ మీటరు విద్యుత్ప్రసారమునే కొలుచును గనుక దానికి యూరియా కనబడదు. చాలలేదనుకొని ఇంకొక గుప్పెడు వేయును. నాలుగైదు దినములు ఏమియు జరుగదు. అంతలో గొట్టముల గోడలపై జిగట పుట్టి, అందలి సూక్ష్మజీవులు యూరియాను విరువనారంభించును. అమ్మోనియా ఒక్కుమ్మడి పుట్టును, నీటికి క్షారగుణము హెచ్చును, పట్టి యుంచుటకు బంకమన్ను లేదు. తెల్లగ నుండవలసిన వేళ్ళు గోధుమరంగునకు తిరిగి చివరలు చితుకును. అప్పుడు మీటరు ముల్లు పైకి లేచును; గృహస్థుడు సంతసించును; మరుసటి ఉదయమున ఆకులు వ్రేలాడును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాక తప్పదు. వరి నీటిలోనే నిలుచుచున్నది గదా, దానికి యూరియా వేయుచున్నారు గదా, అది చావదేమి? ఇది తగిన ప్రశ్నయే. వరి మడిలో నీటి క్రింద బురద యున్నది. బురదలో గాలి యాడదు గనుక అమ్మోనియా నైట్రేటుగ మారక అట్లే నిలుచును. మారినదో, వాయువై ఎగిరిపోవును. వరి అనాదిగ అట్టి చోట పెరిగి అమ్మోనియానే ఇష్టముగ గ్రహించుట అలవరచుకొన్నది. తన కాడలోని సందులగుండ గాలిని వేళ్ళకు దింపుకొనును. పాలకూరకు, టమాటాకు, కీరదోసకు ఆ విద్య లేదు. ఆకుపై పిచికారి చేసిన యూరియాను ఆకు గ్రహించునను మాటయు నిజమే. కాని ఆకు త్రాగినట్లు వేరు త్రాగదు.

ఈనాటి యూరియాకు వేపనూనె పూత యుండును. 2015 నుండి ఈ దేశమున తయారగు యూరియా కంతటికిని ఆ పూత విధింపబడినది. అమ్మోనియా త్వరత్వరగ నైట్రేటుగ మారి నేలలోనికి ఇంకిపోకుండ, ఆ మార్పును ఆలస్యము చేయుట వేపపూత ప్రయోజనము. పొలమునకది మేలు. తొట్టిలో పెంచువానికి కావలసినదో తక్షణ నైట్రేటు. ఒకనికి గుణమైనది రెండవవానికి దోషము.

కావున నీటిసేద్యమందు నైట్రేటు రూపమున నున్న నత్రజనినే వాడవలెను. కాల్షియం నైట్రేటు, పొటాషియం నైట్రేటు అను రెండు ఎరువులు ఇందుకు ఆధారము. మొదటిదానిలో నూటికి పదునైదున్నర పాళ్ళు నత్రజని; అందు ఒక పాలు మాత్రమే అమ్మోనియా, తక్కినది నైట్రేటు. రెండవదానిలో 13 పాళ్ళు, అంతయు నైట్రేటే. అంగడులలో నీటిలో కరగు ఎరువని 19-19-19 అను సంచి అమ్ముదురు. ఇది పొలములో బిందుసేద్యమునకు చక్కగ పనికివచ్చును. కాని అందలి 19 పాళ్ళ నత్రజనిలో సగమునకు పైగా యూరియాయే. "నీటిలో కరగును" అను మాట వేరు, "నీటిలో పైరునకు పనికివచ్చును" అను మాట వేరు. సంచి వెనుక చిన్న అక్షరములలో నైట్రేటు నత్రజని యెంత, అమ్మోనియా నత్రజని యెంత, యూరియా నత్రజని యెంత అని విడివిడిగ అచ్చువేసి యుందురు. చదువనేర్చినవాడు చదువవలసిన చోటు అదియే.

అమ్మోనియాను పూర్తిగ వెలివేయవలెనా యనిన, అక్కరలేదు. వేరు నైట్రేటును గ్రహించునప్పుడు నీటిలోనికి క్షారగుణమును విడుచును. అమ్మోనియాను గ్రహించునప్పుడు ఆమ్లగుణమును విడుచును. కేవలము నైట్రేటు పెట్టినచో నీటి పి.హెచ్. దినదినము పైకి ప్రాకును. ఆకుకూరలకు అది ఐదున్నర మొదలు ఆరున్నర వరకు నుండవలెను. మొత్తము నత్రజనిలో నూటికి ఐదు మొదలు పది పాళ్ళు అమ్మోనియా యున్నచో ఆ ప్రాకుట నెమ్మదించును. హోగ్లండ్ ద్రావణములలో రెండవదియు ఇట్లే యున్నది: 15 భాగముల నత్రజనిలో 14 నైట్రేటు, ఒకటి అమ్మోనియా. పచ్చడిలో ఉప్పువలె అమ్మోనియాను వాడవలెను.

అయితే హైదరాబాదు ఎండ హోగ్లండ్ ఎరిగిన ఎండ కాదు. వైశాఖ జ్యేష్ఠములలో మేడమీద నల్లని తొట్టిలోని నీరు చేయి పెట్టలేనంత వేడెక్కును. నీరు వేడెక్కినకొలది అందు కరగిన ప్రాణవాయువు తగ్గును: 20 డిగ్రీల వద్ద లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలువగలిగినచో, 30 డిగ్రీల వద్ద ఏడున్నరయే నిలువగలదు. వేరులో చేరిన అమ్మోనియాను నిరపాయముగ మార్చుటకు మొక్క తన చక్కెరను వేరునకు పంపవలెను. వేడిలో ఆ చక్కెర శ్వాసకే ఖర్చైపోవును. అందుచేత మాఘములో ఏ హానియు చేయని అమ్మోనియా పాలే జ్యేష్ఠములో వేరును కాల్చును. అదియునుగాక అమ్మోనియా కాల్షియమును లోనికి రానీయదు. లేతాకుల అంచులు మాడుట, టమాటా కాయ అడుగున నల్లని మచ్చ పడుట దాని గుర్తులు. వేసవిలో అమ్మోనియాను మానుట, తొట్టిని నీడలో నుంచి తడిగోనె చుట్టుట, నీటిలో గాలిబుడగలాడించుట చేయవలెను. గోనెసంచి ఖర్చు కొద్దిపాటిదే. ఖరీదైన ఎరువుకన్న అది ఎక్కువ పంటను కాపాడును.

ఇక పద్దునకు వత్తము. నూరు లీటర్ల తొట్టికి ఆకుకూరల నిమిత్తము 60 గ్రాముల కాల్షియం నైట్రేటును, 40 గ్రాముల పొటాషియం నైట్రేటును తీసికొందురనుకొనుడు. మొదటిదానినుండి 9 గ్రాముల 300 మిల్లీగ్రాములు, రెండవదానినుండి 5 గ్రాముల 200 మిల్లీగ్రాములు, వెరసి పదునాలుగున్నర గ్రాముల నత్రజని. అనగా లీటరునకు 145 మిల్లీగ్రాములు. పాలకూర, తోటకూర, లెట్యూస్‌వంటి ఆకుకూరలకు ఇది సరిపోవును. నారుకు ఇందులో సగము చాలును. వీటితోపాటు 15 గ్రాముల మోనో పొటాషియం ఫాస్ఫేటు, 40 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు, ఇనుము మొదలైన సూక్ష్మపోషకములు కలుపుదురు. కాల్షియం నైట్రేటును ఫాస్ఫేటుతోగాని సల్ఫేటుతోగాని చిక్కని ద్రావణముగ కలుపరాదు. సున్నమువలె అడుగున పేరుకొని మొక్కకు అందకుండ పోవును. దానిని వేరు సీసాలో కరగించి తొట్టినిండ నీరున్నప్పుడే పోయవలెను.

జమవైపున వ్రాయవలసిన పద్దు ఇంకొకటి కలదు. నగరపు బోరుబావుల నీటిలో నత్రజని ముందే యుండవచ్చును. మురుగు ఇంకి భూగర్భజలములలో నైట్రేటు చేరుట తెలంగాణలో అనేక చోట్ల కనుగొనబడినది. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. చంటిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోయి ఒడలు నీలివర్ణమగు వ్యాధి, త్రాగునీటిలో నైట్రేటు హెచ్చినచో కలుగును. 45 మిల్లీగ్రాముల నైట్రేటులో నున్న నత్రజని 10 మిల్లీగ్రాములు. కాబట్టి తొట్టికి బోరునీరు వాడువాడు ముందు ఆ నీటిని పరీక్ష చేయించి, అందున్న నత్రజనిని మినహాయించి ఎరువు తూచవలెను. అట్టి నీటి క్షారగుణమును తగ్గించుటకు నైట్రిక్ ఆమ్లము వాడినచో అందలి నత్రజనియు జమకే చేరును.

ఖర్చువైపు వ్రాయుట ఇంకను ముఖ్యము. తరుచుగ విడువబడునదియు ఇదియే. కిలో పాలకూర కోసినచో దానితో సుమారు 4 గ్రాముల నత్రజని తొట్టినుండి వెడలిపోయినట్లు లెక్క. ఆకులోని మాంసకృత్తుల పరిమాణమునుబట్టి ఈ లెక్క కట్టవచ్చును. నూరు లీటర్లలో పదునాలుగున్నర గ్రాములున్నవి గనుక మూడున్నర కిలోల ఆకు కోయుసరికి తొట్టి ఖాళీయైనట్లే. నీరు నిండుగ కనిపించును. ఖాతాలో మాత్రము ఏమియు లేదు. కోతకోతకు ఆకును తూచి, కిలో ఒక్కంటికి పదహారున్నర గ్రాముల కాల్షియం నైట్రేటు, 11 గ్రాముల పొటాషియం నైట్రేటు తిరిగి చేర్చినచో ఆ 4 గ్రాములు పూడును. ఒక తక్కెడ, ఒక నోటుపుస్తకము చాలును. కిరాణా దుకాణమున చిల్లర పద్దు వ్రాయగల పిల్లవాడు దీనిని నడుపగలడు.

ఈ పద్దును మానినవారు మీటరును నమ్ముదురు. ఆ మీటరు లవణముల మొత్తమును చెప్పునేగాని అందు నత్రజని యెంతయో చెప్పదు. మొక్క నైట్రేటును, పొటాషియమును ఆబగ త్రాగును. సోడియమును, క్లోరైడును, సల్ఫేటును పళ్ళెములో విడిచిన కరివేపాకువలె ప్రక్కకు నెట్టును. బోరునీరు పోసినకొలది ఆ విడిచినవి పేరుకొనును. మూడు వారములు గడచిన తొట్టిలో మీటరు నాటినవాటి అంకెనే చూపుచుండగ, నైట్రేటు మాత్రము అడుగంటియుండవచ్చును. ధాన్యము తూకము సరిపోయినదని చెప్పి, అందు రాళ్ళెన్నో చూడకుండుటవంటిది ఇది. నైట్రేటును కొలుచు కాగితపు పట్టీలు దొరకును. అవి లేనివారు రెండు మూడు వారములకొకసారి నీటిని పూర్తిగ మార్చుట మేలు.

ఆకు పసుపు తిరిగినంతనే నత్రజని చాలలేదనుట తగదు. నత్రజని మొక్కలో కదలునది. కొరత కలిగినప్పుడు ముసలి ఆకులనుండి తీసి లేత ఆకులకు ఇచ్చును. ఇంటిలో కరవు వచ్చినప్పుడు పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్లే. కావున నత్రజని కొరతలో మొదట అడుగాకులు పసుపగును. చివరి లేతాకు పసుపై ఈనెలు మాత్రము పచ్చగ నున్నచో అది ఇనుము కొరత, నీటి పి.హెచ్. ఏడు దాటినప్పుడు ఇనుము అందదు. దీనిని నత్రజని కొరతగ భ్రమించి నైట్రేటు ఇంకను వేసినచో, ఆ నైట్రేటు గ్రహింపబడినకొలది పి.హెచ్. మరింత పెరిగి, ఇనుము మరింత దూరమగును. వైద్యమే రోగమును పెంచును. పొలములో ఇట్టి పొరపాటును నేల కొంత సర్దుకొనును. తొట్టిలో వారము తిరుగకముందే ఫలితము కనబడును.

కొరతకన్న ఆధిక్యము మోసకరమైనది. నత్రజని ఎక్కువైన ఆకు నల్లని పచ్చదనముతో నిగనిగలాడును. అంగడిలో ముందుగ అమ్ముడుపోవును. కాని మొక్క త్రాగిన నైట్రేటును మాంసకృత్తులుగ మార్చుటకు వెలుతురు కావలెను. శ్రావణ భాద్రపదములలో మబ్బు క్రమ్మి, పైన నీడవల కూడ నున్నప్పుడు, నైట్రేటు మారక ఆకులోనే నిలువయుండును. ఐరోపా సంయుక్త దేశములు 2011 నాటి నిబంధనలలో తాజా స్పినాచ్ ఆకుకు కిలోకు 3500 మిల్లీగ్రాములని పరిమితి విధించినవి. లెట్యూస్‌కు ఋతువునుబట్టి, పెంచిన చోటునుబట్టి 3000 మొదలు 5000 వరకు అనుమతించినవి. తెలుగువారి పాలకూర స్పినాచ్‌కు దగ్గరి చుట్టమే. మబ్బు దినములలో నత్రజని తగ్గించుట, కోతకు ముందు రెండు మూడు దినములు ఎరువు లేని నీరు పెట్టుట, ఉదయమునగాక ఎండ తగిలిన సాయంకాలమున కోయుట దీనికి ఉపాయములు. "నీటిలో పెంచినది, మందు చల్లనిది" యని ఎక్కువ వెలకు అమ్మువాడు ఈ శ్రద్ధ తీసికొనకున్నచో కొనినవానికి న్యాయము చేసినట్లు కాదు.

యూరియా వద్దన్నచో ఆవు మూత్రము, జీవామృతము పోయవచ్చునా యని అడుగువారున్నారు. వాటిలోని నత్రజనియు యూరియా, అమ్మోనియా, సేంద్రియ రూపములలోనిదే. నైట్రేటుగ మార్చు పనివారు లేని తొట్టిలో వాటికిని అదే గతి. ఆ పనివారికి కంకరతో ఒక ఇల్లు కట్టి యిచ్చి, చేపల మలినమును వారిచేత నైట్రేటుగ మార్పించు పద్ధతి వేరుగ నున్నది. అందు కంకరతొట్టి మంటి పనిని చేయును. ఆ సూక్ష్మజీవులు తగినంతగ పెరుగుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు చేపలు ఎక్కువైనచో అవియే చచ్చును.

ఇదంతయు గ్రామములోని వారికెందులకు? గ్రామములనుండి అమీరుపేటకు చదువుకై పోయిన యువకులు అక్కడ ప్రకటనలు చూచుచున్నారు. సెంటు భూమిలో ఎకరము పంట, నెలకింత ఆదాయము అని వ్రాసి, పాలిథీన్ పందిరి, గొట్టములు, మోటార్లు లక్షల రూపాయలకు అమ్మువారున్నారు. కొడుకు చెప్పిన మాటపై తండ్రి పట్టాదారు పుస్తకమును కుదువబెట్టి అప్పు తెచ్చుట జరుగవచ్చును. గొట్టములమ్మినవాడు గొట్టములను నిలబెట్టి పోవును. నత్రజని పద్దు వ్రాయువాడు కొడుకే. విద్యుత్తు నాలుగు గంటలు పోయినను, ఎరువు తూచుటలో అంకె తప్పినను నీటిలోని వేళ్ళకు ఆధారము లేదు. నేల తప్పును ఓర్చును, తొట్టి ఓర్వదు. అదియునుగాక యూరియా సంచి 266 రూపాయల 50 పైసలకు వచ్చుచున్నది, అనగా నత్రజని కిలో 13 రూపాయల లోపుననే పడుచున్నది. కాల్షియం నైట్రేటులో అదే నత్రజనికి అనేక రెట్లు చెల్లింపవలెను. ఆ హెచ్చు వెలను నగరములో ఆకు కొనువాడు భరింపగలడేమో గాని వారపు సంతలో కొనువాడు భరింపడు. మంచి నేలయున్న ఊరిలో వరికిని, కందికిని, మిరపకును ఈ పద్ధతి అక్కరలేదు. నేల లేనిచోట, చౌడు బారినచోట, అమ్ముడుపోవు చోటు దగ్గరలో నున్నప్పుడు ఆకుకూరలకు ఇది తగును. నేర్వదలచినవాడు లక్షలు పెట్టకముందు నూరు లీటర్ల తొట్టి ఒకటి పెట్టి, మాఘము మొదలు ఆశ్వయుజము వరకు చలి, ఎండ, వాన మూడును చూచి, పద్దు వ్రాసి, ఆ పద్దును తండ్రికి చూపవలెను.

మార్చిన పాతనీటి మాట మిగిలినది. అందు కొంత నైట్రేటు, ఫాస్ఫేటు ఎప్పుడును మిగిలియే యుండును. అమీరుపేట, పంజగుట్టల నాలాలు హుస్సేన్‌సాగరువైపు పారునవి. 1562లో త్రవ్వబడిన ఆ చెరువులో నైట్రేటు, ఫాస్ఫేటు చేరినకొలది పాచి పెరిగి, చచ్చి, క్రుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించును. మేడమీది నూరు లీటర్లు ఆ చెరువునకు పెద్ద భారము కాదు. వేయి మేడలైనచో లక్ష లీటర్లు. ఆ నీటిని కాలువలో పారబోయక, సమానముగ మంచినీరు కలిపి, ఇంటి ముంగిటి కరివేపాకు చెట్టునకో, కొబ్బరిమొక్కకో, మట్టికుండీలలోని గోంగూరకో పోయవచ్చును. తొట్టిలో మీటరునకు చిక్కక మిగిలిన నత్రజనిని ఆ కుండీలోని మొక్క గ్రహించును.